మిడ్‌సైజ్ సెడాన్ ఏది కొనాలి? ముందు వెనక సీటు సంగతి తేల్చుకోండి

మా పాత హ్యాచ్‌బ్యాక్ అమ్మేద్దామనుకున్న రోజు నుంచి కొత్త కారు ఇంటికొచ్చేదాకా దాదాపు మూడు నెలలు పట్టింది. డబ్బులు సర్దుబాటు కాక కాదు. హోండా సిటీ, హ్యుందాయ్ వెర్నా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, స్కోడా స్లావియా, ఈ నాలుగింటిలో ఏదీ చెడ్డ కారు కాకపోవడం వల్ల. చెడ్డది ఒకటుంటే దాన్ని కొట్టేసి ముందుకెళ్లొచ్చు. నాలుగూ బాగుంటేనే అసలు టెన్షన్.

ఆ మూడు నెలల్లో ఒక్కో షోరూముకి కనీసం రెండుసార్లు వెళ్లాను. ఇప్పుడు చుట్టాల్లో గానీ ఆఫీసులో గానీ ఎవరైనా సెడాన్ కొంటామంటే ఫోన్ నాకే వస్తుంది. నేను ముందు బడ్జెట్ అడగను. "వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు?" అని అడుగుతాను. దానికి జవాబు వస్తే సగం పని అయిపోయినట్టే.

ఎందుకంటే కాగితం మీద ఈ నాలుగూ దాదాపు ఒకటే. పొడవు అన్నిటిదీ నాలుగున్నర మీటర్లు పైనే. సిటీ హైబ్రిడ్‌ని పక్కన పెడితే డిక్కీ అన్నిటిదీ 500 లీటర్లు పైనే. ధరలు ఒకదాని పక్కన ఒకటి నడుస్తాయి. పన్నూ అంతే. 2025 సెప్టెంబరు 22 నుంచి అన్నిటికీ జీఎస్టీ 40 శాతం. వర్టస్, స్లావియాల్లో ఒక్క లీటరు ఇంజిన్ తీసుకున్నా పొడవు 4 మీటర్లు దాటింది కాబట్టి చిన్న కార్లకిచ్చే 18 శాతం వాటికి రాదు. డీజిల్ కావాలనుకునేవాళ్లకి ఈ నాలుగింటిలో ఇప్పుడు ఏదీ లేదు.

## ఏం చూడాలి?

డ్రైవింగ్ ఫీల్. ఈ మాట గాల్లో మాటలా ఉంటుంది గానీ, దాన్ని మూడు పనులతో పట్టుకోవచ్చు. మొదటిది, మూడో గేరులో 30లో వెళ్తూ యాక్సిలరేటర్ తొక్కండి. బండి వెంటనే లాగుతుందా, ఒక క్షణం ఆలోచిస్తుందా? రెండోది, స్పీడ్ బ్రేకర్ దిగాక ఎన్నిసార్లు ఊగి ఆగుతుందో చూడండి. మూడోది, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లాంటి రోడ్డు మీద వంద దగ్గర స్టీరింగ్ బిగువుగా, నమ్మకంగా ఉందా, టౌన్‌లో తిప్పినంత తేలిగ్గానే ఉండిపోయిందా? ఈ మూడింటికీ నాలుగు కార్లూ నాలుగు రకాలుగా జవాబు చెబుతాయి.

రూపం. అందం ఎవరి ఇష్టం వాళ్లది. అయితే రూపానికి వాడకంతో సంబంధం ఉంది. రూఫ్ వెనక్కి వాలిన కారులో వెనక కూర్చున్నవాళ్ల తల తగులుతుంది. ముక్కు కిందికి ఉన్న కారు సెల్లార్ ర్యాంపు మీద గీసుకుంటుంది.

కొన్నాక అనుభవం. సర్వీస్ సెంటర్ ఎంత దూరం, పార్టులు ఎన్ని రోజుల్లో వస్తాయి, వారంటీ ఎంత, ఐదారేళ్ల తర్వాత అమ్మితే ఎంత వస్తుంది. టెస్ట్ డ్రైవ్‌లో కనిపించనివి ఇవే.

కింది పట్టికలో పీఎస్ అంటే ఇంజిన్ శక్తి, ఎన్‌ఎం అంటే లాగే బలం. టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపి బలం పెంచే ఏర్పాటు, హైబ్రిడ్ అంటే పెట్రోల్ ఇంజిన్‌కి తోడు బ్యాటరీతో నడిచే మోటారు. సీవీటీ, ఐవీటీ అంటే విడి గేర్లు లేకుండా బెల్టు లేదా చైనుతో నడిచే ఆటోమేటిక్, డీసీటీ, డీఎస్‌జీ అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్, టార్క్ కన్వర్టర్ అంటే క్లచ్ బదులు నూనె ద్వారా బలం అందించే పాత పద్ధతి ఆటోమేటిక్. వీల్‌బేస్ అంటే ముందు, వెనక చక్రాల మధ్య దూరం. అడాస్ అంటే ప్రమాదం ఉంటే హెచ్చరించి, అవసరమైతే బ్రేకు కూడా వేసే సాయం. ఎన్‌క్యాప్ అంటే కార్లను ఢీకొట్టించి చూసి భద్రతకి స్టార్లు ఇచ్చే పరీక్ష.

| | సిటీ | వెర్నా | వర్టస్, స్లావియా |
|---|---|---|---|
| ఇంజిన్లు | 1.5 పెట్రోల్: 121 పీఎస్, 145 ఎన్‌ఎం, 1.5 హైబ్రిడ్: 126 పీఎస్ | 1.5 పెట్రోల్: 115 పీఎస్, 144 ఎన్‌ఎం, 1.5 టర్బో: 160 పీఎస్, 253 ఎన్‌ఎం | 1.0 టర్బో: 115 పీఎస్, 178 ఎన్‌ఎం, 1.5 టర్బో: 150 పీఎస్, 250 ఎన్‌ఎం |
| ఆటోమేటిక్ | సీవీటీ | ఐవీటీ. టర్బోకి 7 స్పీడ్ డీసీటీ | 1.0కి 6 స్పీడ్ టార్క్ కన్వర్టర్, 1.5కి 7 స్పీడ్ డీఎస్‌జీ |
| వీల్‌బేస్ | 2600 మి.మీ. | 2670 మి.మీ. | 2651 మి.మీ. |
| డిక్కీ | 506 లీటర్లు (హైబ్రిడ్‌లో తక్కువ) | 528 లీటర్లు | 521 లీటర్లు |
| అడాస్ | ఎక్కువ వేరియంట్లలో ఉంది | పై వేరియంట్లలో ఉంది | లేదు |
| క్రాష్ టెస్ట్ | ఆసియాన్ ఎన్‌క్యాప్‌లో 5 స్టార్లు | గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో 5 స్టార్లు | గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో 5 స్టార్లు |

ఈ అంకెలు 2022, 2023ల్లో మార్కెట్లోకి వచ్చిన రూపాలవి. మీరు కొనే రోజుకి వేరియంట్లు మారి ఉండొచ్చు, బ్రోచర్ అడిగి తీసుకోండి.

## హోండా సిటీ: వెనక కూర్చునేవాళ్ల కారు

సిటీ 1998 నుంచి మన దేశంలో ఉన్న పేరు. ఇప్పటిది 2020లో వచ్చిన ఐదో తరం, 2023లో కాస్త మెరుగులు దిద్దారు.

దీని పెట్రోల్ ఇంజిన్‌కి టర్బో లేదు. 145 ఎన్‌ఎం అంటే ఈ గుంపులో తక్కువే, అది కూడా 4300 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర వస్తుంది. బలం కావాలంటే ఇంజిన్‌ని పైకి తిప్పాలి. తిప్పితే సంతోషంగా తిరుగుతుంది, మంచి మోత కూడా వస్తుంది. టౌన్‌లో మాత్రం దీనంత సాఫీగా నడిచేది ఈ గుంపులో లేదు. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆన్‌లో ఉందో లేదో మీటర్ చూస్తే గానీ తెలియదు. మాన్యువల్ తీసుకుంటే క్లచ్ ఎంత తేలికంటే, గంటసేపు ట్రాఫిక్‌లో ఉన్నా ఎడమ కాలు గుర్తుకు రాదు.

సీవీటీని నెమ్మదిగా తొక్కితే హాయి. గట్టిగా తొక్కితే ముందు ఇంజిన్ అరుపు వినిపిస్తుంది, ఆ తర్వాతే వేగం వస్తుంది. రెండు వరుసల రోడ్డు మీద లారీని దాటాలంటే కాస్త ముందుగానే లెక్క వేసుకోవాలి. స్టీరింగ్ వెనక ఉన్న ప్యాడిల్‌తో ఒక మెట్టు దించి తొక్కితే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

వెనక సీటే దీని అసలు బలం. తొడల కింద ఆసరా బాగుంది, వీపు వాలు సరిగ్గా ఉంది, కాళ్లు చాపుకోవచ్చు. వీల్‌బేస్ చూస్తే ఈ గుంపులో ఇదే చిన్నది. అయినా లోపల కూర్చుంటే ఆ మాట ఎవరూ నమ్మరు. సస్పెన్షన్ మెత్తన, గుంతలు పెద్దగా లోపలికి రావు. ఆ మెత్తదనం వల్లే వంపుల్లో కాస్త వాలుతుంది, నలుగురు కూర్చుంటే కిందికి దిగుతుంది. గ్రౌండ్ క్లియరెన్స్ 165 మి.మీ. మీ కాలనీ స్పీడ్ బ్రేకర్లు ఎత్తుగా ఉంటే మనుషులను ఎక్కించుకునే పరీక్షించండి.

రూపం పెద్దమనిషి తరహా. ఎవరికీ అభ్యంతరం ఉండదు, ఎవరూ ఆగి చూడరు. పదేళ్లు ఉంచుకునేవాళ్లకి ఇది మంచి గుణమే అంటాను. లోటు చెప్పాలంటే, ముందు సీట్లకి గాలి వచ్చే వెంటిలేషన్ లేదు. ఏప్రిల్‌లో విజయవాడలో ఎండలో పెట్టిన కారు ఎక్కినవాళ్లకి దాని విలువ తెలుసు.

హైబ్రిడ్ గురించి అందరూ అడుగుతారు కాబట్టి లెక్క వేసి చూపిస్తాను. ట్రాఫిక్‌లో మామూలు సిటీ లీటరుకి 14, హైబ్రిడ్ 21 ఇస్తుందనుకుందాం. పెట్రోలు లీటరు 110 రూపాయలు, రెండు కార్ల మధ్య తేడా మూడున్నర లక్షలు అనుకుందాం. ఏడాదికి 12,000 కి.మీ. తిరిగేవాళ్లకి మిగిలేది సుమారు 31,000 రూపాయలు. అంటే తేడా రాబట్టుకోవడానికి పదకొండేళ్లు. 25,000 కి.మీ. తిరిగితే అయిదేళ్ల పైచిలుకు. రోజూ ట్రాఫిక్‌లో ఎక్కువ దూరం తిరిగేవాళ్లకే హైబ్రిడ్. డిక్కీలో కొంత చోటు బ్యాటరీకి పోతుంది, ఆ సంగతి సామాన్లు ఎక్కువ పట్టుకెళ్లే ఇంటివాళ్లు గమనించాలి.

## హ్యుందాయ్ వెర్నా: కొత్తదనం, సౌకర్యాలు

2023 మార్చిలో వచ్చిన ఈ వెర్నాలో ముందువైపు ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే లైటు గీత ఉంటుంది. వెనక కూడా అంతే. పగలు చూసినప్పుడు నాకు నచ్చలేదు. రాత్రి లైట్లు వేసి చూస్తే బాగుంది. ఫొటోలు చూసి నిర్ణయించుకోవద్దు, చీకటి పడ్డాక ఒకసారి చూడండి.

టర్బో ఇంజిన్ 160 పీఎస్, ఈ నాలుగింటిలో ఎక్కువ. తొక్కితే దూకుతుంది. తడి రోడ్డు మీద మరీ గట్టిగా తొక్కితే ముందు చక్రాలు జారి స్టీరింగ్‌ని పక్కకి లాగుతాయి. స్టీరింగ్ తేలిక, పార్కింగ్‌లో సుఖం. వేగంగా వెళ్లేటప్పుడు వర్టస్ ఇచ్చినంత భరోసా మాత్రం ఇవ్వదు. టర్బో అక్కర్లేదనుకుంటే మామూలు 1.5 ఐవీటీతో టౌన్‌లో హాయిగా ఉంటుంది.

సౌకర్యాల్లో దీన్ని మించింది లేదు. పెద్ద స్క్రీన్లు రెండు, ముందు సీట్లకి వెంటిలేషన్, అడాస్ అన్నీ ఉన్నాయి.

ఇక వెనక సీటు. మా నాన్నకి మోకాళ్ల నొప్పులు. కారెక్కేటప్పుడు ఆయన ముందు సీటుకి వీపు తిప్పి కూర్చుంటారు, తర్వాత చేత్తో ప్యాంటు పట్టుకుని ఒక్కో కాలూ లోపలికి పెట్టుకుంటారు. వెర్నాలో కూర్చుని కాళ్లు లోపల పెట్టుకున్నాక తల ఎత్తితే రూఫ్ అంచు తగిలింది. లోపల కాళ్లకి బోలెడు చోటుంది, ఆయనే మెచ్చుకున్నారు. దిగేటప్పుడు మాత్రం నా భుజం పట్టుకున్నారు. వెనక్కి వాలిన రూఫ్ వల్లే ఇది. వెనక కూర్చునేది పిల్లలైతే ఈ సమస్యే లేదు.

గ్లోబల్ ఎన్‌క్యాప్ 5 స్టార్లు ఇచ్చినా, బాడీ దృఢత్వం దగ్గర మాత్రం నిలకడగా లేదని రాసింది. వర్టస్, స్లావియాలకి నిలకడగా ఉందని వచ్చింది. స్టార్ల సంఖ్య ఒక్కటే చూసి వదిలేయకండి.

## వర్టస్, స్లావియా: నడిపేవాళ్ల కార్లు

ఈ రెండూ ఒకే తల్లి పిల్లలు. ప్లాట్‌ఫామ్ ఒకటే, ఇంజిన్లు ఒకటే, పుణె దగ్గర చాకణ్‌లో తయారవుతాయి. రెండూ 2022లోనే వచ్చాయి.

తలుపు వేసినప్పుడు వచ్చే బరువైన చప్పుడుతోనే తేడా మొదలవుతుంది. మా బావమరిది దగ్గర వర్టస్ 1.5 ఉంది. దాంట్లో ఒకసారి శ్రీశైలం వెళ్లాం. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు కాబట్టి తెల్లవారుజామునే అక్కడికి చేరుకుని గేటు తీసేదాకా ఆగాం. దోమలపెంట దాటాక డ్యామ్ దగ్గరికి దిగే మలుపులున్నాయి కదా, అక్కడ బండి నా చేతికిచ్చాడు. స్టీరింగ్ ఎంత తిప్పితే అంతే తిరిగింది, మలుపు మధ్యలో సరిదిద్దుకోవాల్సిన అవసరమే రాలేదు. డ్యామ్ దాటి మళ్లీ ఎక్కేటప్పుడు రెండో గేరు, మూడో గేరు తప్ప నాలుగోది వెతకలేదు. పక్కన కూర్చున్న మా చెల్లి ఫోన్ చూస్తూనే ఉంది, కడుపులో తిప్పలేదు. ఘాట్‌లో ఒక కారుకి ఇంతకన్నా మంచి మార్కులు నేను వేయలేను.

1.5లో ఇంకో విషయం. హైవే మీద నిలకడగా వెళ్తుంటే నాలుగు సిలిండర్లలో రెండు వాటంతట అవే పని ఆపేస్తాయి, పెట్రోలు మిగులుతుంది. తొక్కగానే మళ్లీ నాలుగూ అందుకుంటాయి. మనకి తెలియను కూడా తెలియదు, మీటర్‌లో చూపిస్తే తప్ప.

1.0 ఇంజిన్‌ని చిన్నచూపు చూడకండి. మూడు సిలిండర్లది కాబట్టి నిలబడినప్పుడు కాస్త వణుకు ఉంటుంది, 1800 ఆర్‌పీఎం లోపు నీరసంగా ఉంటుంది. మాన్యువల్‌లో స్పీడ్ బ్రేకర్ దగ్గర రెండో గేరులోకి దించకపోతే మొరాయిస్తుంది. ఆ పైన మాత్రం సిటీ కన్నా సులువుగా లాగుతుంది. 999 సీసీ కాబట్టి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కూడా 1000 సీసీ లోపు శ్లాబులో పడుతుంది.

సస్పెన్షన్ కొంచెం గట్టిది. కాలనీ గుంతల్లో నెమ్మదిగా వెళ్తే తెలుస్తుంది, ఎనభై దాటితే సర్దుకుంటుంది. గ్రౌండ్ క్లియరెన్స్ 179 మి.మీ. ఉండటం మన రోడ్లకి పెద్ద ఊరట. వెనక ఇద్దరికి బాగుంటుంది. మూడోవాళ్లకి మధ్యలో గట్టు అడ్డం వస్తుంది, సీటు కూడా ఇద్దరి కోసమే మలిచినట్టు ఉంటుంది. లోపలి ప్లాస్టిక్ కొన్నిచోట్ల గట్టిగా, ఈ ధరకి తగనట్టు ఉంది. అడాస్ లేదు.

రెండింటిలో ఏది? స్లావియా గీతలు పదునుగా ఉంటాయి, లోపల రెండు పుల్లల స్టీరింగ్ ముచ్చటగా ఉంటుంది. స్కోడా కంపెనీకి మూలపురుషులు 19వ శతాబ్దం చివర్లో తయారు చేసిన సైకిళ్ల పేరే స్లావియా, అది నాకెందుకో భలే నచ్చింది. వర్టస్ నిరాడంబరం, జీటీ అనే వేరియంట్లో కాస్త కుర్రతనం ఉంటుంది. చూపు సంగతి పక్కన పెడితే, మీ ఇంటికి ఏ సర్వీస్ సెంటర్ దగ్గరో, ఎవరు ఎక్కువ తగ్గిస్తారో చూసి తీసుకోండి.

## ఆటోమేటిక్ తీసుకునేవాళ్లకి

ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు. పేరు ఆటోమేటిక్ అయినా లోపల యంత్రాలు వేరు. డీఎస్‌జీ, డీసీటీల్లో లోపల క్లచ్‌లు ఉంటాయి, గేర్లు రెప్పపాటులో మారతాయి. హైవే మీద దానంత సుఖం లేదు. కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి సాయంత్రం పూట అడుగు అడుగు కదిలే ట్రాఫిక్‌లో అవే క్లచ్‌లు సగం పట్టి సగం వదిలి వేడెక్కుతాయి, బండి చిన్న చిన్న కుదుపులతో కదులుతుంది. అలాంటిది నడిపేవాళ్లు ముందు బండికి కాస్త జాగా ఇచ్చి, ఒకేసారి కదిలి ఆగడం అలవాటు చేసుకోవాలి.

రోజులో రెండు గంటలు ట్రాఫిక్‌లోనే గడిపేవాళ్లు సీవీటీ, ఐవీటీ, లేదా 1.0 టర్బోతో వచ్చే టార్క్ కన్వర్టర్ తీసుకోండి. నా మాట నమ్మండి, 150 పీఎస్ ఆ రెండు గంటల్లో ఒక్కసారి కూడా అక్కరకు రాదు.

## కొన్నాక

మా పాత కారుకి ఒక చిన్న సెన్సర్ పోయింది. పార్టు లేదని సర్వీస్ సెంటర్‌లో పంతొమ్మిది రోజులు బండి ఉంచేశారు. ఆ పంతొమ్మిది రోజులూ ఆటోల్లో ఆఫీసుకి తిరిగాక నాకు బుద్ధి వచ్చింది. ఇప్పుడు ఏ షోరూముకి వెళ్లినా సేల్స్ వాళ్లతో మాట్లాడాక వెనక వర్క్‌షాపుకి వెళ్తాను. అక్కడ బండి తీసుకోవడానికి వచ్చినవాళ్లని "ఎన్నిరోజులు పట్టింది? బిల్లు ఎంతయింది?" అని అడుగుతాను. అరగంటలో బ్రోచర్ చెప్పని సంగతులన్నీ తెలుస్తాయి.

మోటుగా చెప్పాలంటే, చిన్న ఊళ్లలో ఉండేవాళ్లకి హ్యుందాయ్ సర్వీస్ దొరకడం తేలిక. రీసేల్‌లో సిటీకి పాతకాలం నుంచి మంచి పేరు, టర్బో లేని సాదా ఇంజిన్ అని పాత కార్లు కొనేవాళ్లు కూడా భయపడరు. వర్టస్, స్లావియా తీసుకుంటే ఎక్స్‌టెండెడ్ వారంటీ, సర్వీస్ ప్యాకేజీ కలిపే బేరమాడండి. ఆ ఖర్చు కారు ధరలో భాగమే అనుకోండి. మీది నరసరావుపేట, కోదాడ లాంటి ఊరైతే దగ్గర్లోని సర్వీస్ సెంటర్ ఎన్ని కిలోమీటర్లో మ్యాప్‌లో చూశాకే షోరూముకి వెళ్లండి.

బడ్జెట్ అందకపోతే మారుతి సియాజ్ సెకండ్ హ్యాండ్‌లో చూడండి. 2014లో వచ్చి 2025లో ఆగిపోయింది. నడపడంలో హుషారు ఉండదు గానీ వెనక సీటు విశాలం, పార్టులు చవక.

## ఎవరికి ఏది?

పెద్దవాళ్లు తరచూ వెనక కూర్చునే ఇంటికి సిటీ. మోకాళ్లు మరీ ఇబ్బందిగా ఉంటే మాత్రం అసలు సెడానే వద్దు, సీటు ఎత్తుగా ఉండే కారు చూడండి. సెడాన్లంటే నాకెంత ఇష్టమైనా ఈ మాట చెప్పక తప్పదు.

నెలకి రెండుసార్లు హైదరాబాద్, విజయవాడ మధ్య తిరుగుతూ, తనే నడుపుతూ, దాన్ని ఆనందించేవాళ్లకి వర్టస్ లేదా స్లావియా 1.5. ఇంకో ఆలోచన వద్దు.

భార్యాభర్తలిద్దరూ నడుపుతూ, చిన్న పిల్లలు వెనక కూర్చుంటూ, సౌకర్యాలు కావాలనుకునేవాళ్లకి వెర్నా 1.5 ఐవీటీ. మొదటిసారి ఆటోమేటిక్ కొంటూ, గట్టి బాడీ, ఎత్తైన గ్రౌండ్ క్లియరెన్స్ కావాలనుకునేవాళ్లకి 1.0 టార్క్ కన్వర్టర్.

టెస్ట్ డ్రైవ్‌కి ఒక్కరే వెళ్లకండి. షోరూమువాళ్లు చూపించే నున్నటి రోడ్డు కాకుండా మీ ఇంటి దారి అడగండి. మీ సెల్లార్ ర్యాంపు దింపి ఎక్కించండి. రోజూ వెనక కూర్చునేవాళ్లని వెనకే కూర్చోబెట్టి, కనీసం అరగంట నడపండి.

నేను అలాగే ఒక ఆదివారం నాన్నని వెంటబెట్టుకుని వరసగా మూడు కార్లు నడిపాను. నాకు మనసంతా వర్టస్ మీదే ఉంది. మొదటి రెండింటిలో ఆయన దారి పొడవునా మాట్లాడుతూనే ఉన్నారు. మూడోదాంట్లో మియాపూర్ దాటాక మాటలు ఆగిపోయాయి. అద్దంలో చూస్తే తల వెనక్కి వాల్చి నిద్రపోతున్నారు. అది సిటీ. ఆ సాయంత్రమే సీవీటీ బుక్ చేశాం, రంగు ఆయన్నే చెప్పమన్నాను.